ఆదోని బస్టాండులో పేరు చెప్పని పాప

‘ఆ రోజుల్లో’ అని నేనెప్పుడు మొదలుపెట్టినా, బియ్యం ఏరుకుంటున్న మా అమ్మీ చేటలోంచి తలెత్తి, “నీకు ఆ రోజులెప్పుడొచ్చినాయే, నిన్నగాక మొన్న పుట్టినావు” అంటుంది. (ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూ. మీకోసం తెలుగులో రాస్తున్నాను. ఉర్దూలో ఆ మాట ఇంకొంచెం గట్టిగా తగులుతుంది.) ఆమె అన్నదీ నిజమే. నేను చెప్పబోయే ఆ రోజులు మరీ పాతవేం కావు. డిగ్రీ పూర్తయి, మొదటి ఉద్యోగం దొరికి, ఈ లోకంలో నాకు తెలియంది ఇంక ఏముంది అని తిరిగిన కాలం అది. అలాంటి కాలం అందరికీ ఒకటి ఉంటుందనుకుంటాను. కొందరికి ఏళ్ళ తరబడి సాగుతుంది, అదృష్టవంతులు. నాది మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం ఆదోని బస్టాండులో, ఉగ్గాని (బొరుగుల ఉప్మా) బండి పక్కనున్న పోలీసు గదిలో అయిపోయింది.

మాది ఆదోని. మా అబ్బా (మేం నాన్నను అలా పిలుస్తాం) కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. నాకు దొరికిన ఉద్యోగం ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో, కంప్యూటర్ టీచరుగా. రోజూ పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో రావడం. సీటు దొరికిన రోజు మేడంలా దిగేదాన్ని, దొరకని రోజు తొక్కి నింపిన పత్తి బోరెం సంచిలా దిగేదాన్ని. బడిలో కంప్యూటర్ గది ఉండేది. అందులో కొన్ని కంప్యూటర్లు వెలిగేవి, కొన్ని వెలిగినట్టు నటించేవి, మిగిలినవాటి మీద పెద్దసారు శుభ్రమైన గుడ్డ కప్పించి పెట్టారు. (గుడ్డ కింద ఏముందో తెలీదు కాబట్టి, పిల్లల్ని చేర్చడానికొచ్చిన తల్లిదండ్రులు వాటినే ఎక్కువ గౌరవంగా చూసేవాళ్ళు.) పెద్దసారు అంటే మా హెడ్మాస్టరు. లెక్కలు చెప్పేవారు. కంప్యూటర్ అంటే ఆయనకు భక్తీ భయమూ సమానంగా ఉండేవి. అందువల్ల కరెంటు తీగ కదిలినా, ఫోనులో ఫోటో తెరుచుకోకపోయినా, బడి గంట మోగకపోయినా సరే, “కంప్యూటర్ మేడాన్ని పిలవండి” అనేవారు. నేను కూడా ఎప్పుడూ ‘నాకు తెలీదు సార్’ అనలేదు. తల పంకించి, తీగను రెండుసార్లు పీకి పెట్టి, “ఇది పైనుంచే సమస్య సార్” అనేదాన్ని. పైనంటే ఎక్కడో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

అలా సుఖంగా జరుగుతుండగా ఒకరోజు బడి వరండా మెట్టు మీద ఒకామె కూర్చుని ఏడుస్తూ కనిపించింది. నందవరం పక్క పల్లె నుంచి వచ్చింది. ఆమె కొడుకు మా బడిలోనే ఏడో తరగతి. తల్లి చేనికి పోయినప్పుడు వాడు ఇంట్లో ఆమె ఫోనులో గేము ఆడేవాడు. గేములో ఎవడో ‘అన్న’ పరిచయమయ్యాడు. మాటల్లో మాటగా వీడి పేరు, ఊరు, బడి, అమ్మ ఎన్నింటికి చేనికి పోతుంది, ఎన్నింటికి వస్తుంది, అన్నీ చెప్పించుకున్నాడు. ఇంటి ముందర నిలబడిన ఫోటో కూడా పంపించుకున్నాడు. ఇప్పుడు ఆ అన్న ఆమెకే ఫోను చేసి, “నువ్వు చేనికి పోతే మీవాడు ఇంట్లో ఒంటిగా ఉంటాడు కదా” అని నవ్వుతున్నాడట. “వాడు యాడుంటాడో ఏమో సార్, నా బిడ్డ మాత్రం యాడుండాడో వానికి తెలుసు” అని ఆమె అంటుంటే పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అప్పటికప్పుడు ఆమెతో పోలీసు స్టేషనుకు పోయి ఫిర్యాదు ఇప్పించారు, ఫోను నంబరు మార్పించారు. తరవాత ఆ ఫోన్లు ఆగిపోయాయి. కానీ ఆ సాయంత్రం ఆయన నన్ను పిలిచి, “మేడం, మన పిల్లోళ్ళందరికీ ఈ ఇంటర్నెట్టులో ఏం సెప్పాల్నో ఏం సెప్పకూడదో నేర్పించాల. అది మీ పనే” అన్నారు. నేను మామూలుగా తల పంకించాను.

మొదలు అయిదో తరగతితో పెట్టుకున్నాను. నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో ‘వ్యక్తిగత సమాచార భద్రత’ అని రాశాను. వెనక బెంచీ నుంచి ఒకడు, “మేడం, ఇది పరీచ్చల్లో వస్తాదా?” అన్నాడు. రాదన్నాను. తరగతి మొత్తం ఒక్కసారిగా పెన్నులకు మూతలు పెట్టేసింది. ఆ మూతల టకటకలు వింటూనే నాకర్థమైంది, ఇలా కుదరదని.

మర్నాడు నల్లబల్ల జోలికి పోలేదు. డస్టరును ఫోనులా చెవి దగ్గర పెట్టుకుని, “మీలో గేములు బాగా ఆడేదెవరు?” అన్నాను. ముందు బెంచీలో ఒక చిన్న పిల్ల లేచింది. ఆమెను ఇక్కడ పిచ్చుక అంటాను. (అసలు పేరు చెప్పను. అంత కష్టపడి దాచుకున్న పేరును నేనెలా బయటపెట్టేది?) సన్నగా, రెండు జడలతో, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండేది. నేను గొంతు మార్చి, “హాయ్, నేను గేములో అక్కను. నువ్వు భలే ఆడతావే! నీకు గెలిచే చిట్కా చెప్తా. ఏ ఊరు నీది?” అన్నాను.

“ఎమ్మిగనూరే అక్కా.”

“అయ్యో, మాదీ అక్కడే! ఏ వీధి?”

వీధి చెప్పింది. నాయన మగ్గం నేస్తాడని, అమ్మ కండెలు చుడుతుందని, అవ్వకు చెవులు సరిగా వినపడవని చెప్పింది. అందరూ బయటికి పోయేటప్పుడు తాళంచెవి ఎక్కడ పెడతారని అడిగితే, “తలుపు పక్కన గూట్లో, దీపం సెమ్మె కింద” అని ఇంకా సాయంగా చేత్తో ఎత్తు కూడా చూపించింది. అప్పటికి తరగతి మేలుకుంది. “ఏయ్, ఎందుకే అన్నీ సెప్తాండావు!” అని వెనకనుంచి అరిచారు. పిచ్చుక రెండు చేతులతో నోరు మూసుకుంది. తరవాత వేళ్ళ సందులోంచి, “మేడమే కదా అడిగేది అనుకుంటి” అంది.

“ఫోనులో అడిగేది నేనే అని నీకెట్లా తెలుసు?”

బయట రోడ్డు మీద పోతున్న ఆటో చప్పుడు వినపడింది. టీచరు బతుకులో ఒక్కోసారి అలాంటి నిశ్శబ్దం దొరుకుతుంది. పాఠం లోపలికి దిగిందని అప్పుడు తెలుస్తుంది. అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేది! కానీ నాకు ఊపు వచ్చేసింది. పేరు, ఊరు, బడి, ఇల్లు, ఫోను నంబరు, పాస్‌వర్డు, ఓటీపీ, ఇవేవీ చెప్పద్దన్నాను. తెలియనివాళ్ళు ఫోటో తీస్తుంటే మొహం ఇలా దాచుకోండి అని రెండు చేతులు అడ్డం పెట్టి చూపించాను. పోలీసులమని, బ్యాంకువాళ్ళమని ఫోను చేసి మోసం చేసేవాళ్ళుంటారు, ఇంట్లో పెద్దలకు కూడా చెప్పండి అన్నాను. ప్రతి ఇంట్లో ఒక ‘గుట్టుమాట’ పెట్టుకోండి, మీ నాన్న పంపించాడని ఎవరైనా, తెలిసినవాళ్ళే అయినా, వస్తే ఆ మాట అడగండి, చెప్పలేకపోతే కదలొద్దు అన్నాను. ఇంతవరకూ మంచిదే. చివర్లో చెయ్యి పైకెత్తి, ఎన్నికల మీటింగులో మాట్లాడినట్టు, “ఎవరడిగినా సరే! ఎవరడిగినా చెప్పద్దు!” అని ముగించాను. పిల్లలు కూడా చేతులెత్తి “ఎవరడిగినా!” అని అరిచారు. పక్క తరగతి సారు వచ్చి తొంగి చూసి పోయాడు.

పిల్లలు మన మాట వినరని అందరూ అంటారు. అది అబద్ధం. ఒక్కోసారి వింటారు, విన్నారంటే అక్షరం వదలరు. మర్నాడు పొద్దున హాజరు వేస్తూ తెలుగు టీచరు పేర్లు పిలిస్తే సగంమంది పలకలేదట. “మాకెందుకు పేర్లు బయట పెడతాండారు మేడం?” అని ఒకడు ఎదురడిగాడట. బస్సులో కండక్టరు “యాడ దిగాల?” అంటే మా పిల్లవాడొకడు “అది మా సొంత ఇసయం” అన్నాడట. ఒకడి మేనమామ ఆదోని నుంచి ఫోను చేసి “ఏంరా, ఏం తిన్నావు?” అని అడిగితే గుట్టుమాట చెప్పమన్నాడట. చెప్పలేకపోయేసరికి పెట్టేశాడట. వీటన్నిటికీ నేను లోలోపల మురిసిపోయాను. కానీ ఆ వారంలోనే బడి చూడటానికి ఒక అధికారి వచ్చారు. అయిదో తరగతిలోకి వచ్చి, ముందు బెంచీలో పిచ్చుక తల నిమిరి, “నీ పేరేంటమ్మా?” అన్నారు.

“సెప్పను సార్.”

“మీ నాన్న ఏం చేస్తారు?”

“ముందు మీరెవురో సెప్పండి.”

ఆయన మంచాయన, నవ్వేశారు. పెద్దసారు నవ్వలేదు. అధికారి పోయాక నన్ను గదిలోకి పిలిచి, “మేడం, తలుపుకు గడియ పెట్టమంటే తలుపే పీకేసి గోడ కట్టినారు కదమ్మా! సోమవారం పొద్దున్నే దీన్ని సరిచేయాల” అన్నారు. సరే సార్ అన్నాను. సోమవారానికి ముందు ఒక ఆదివారం ఉంటుందని మా ఇద్దరికీ తట్టలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని ఫోను చూస్తూ పడుకున్నాను. మా వీధివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. ‘ఆదోని బస్టాండులో ఈ పాప తప్పిపోయి ఉంది. పేరు చెప్పడం లేదు, ఊరు చెప్పడం లేదు. తెలిసినవాళ్ళు వెంటనే రావాలి, అందరికీ పంపండి’ అని కింద రాసి ఉంది. ఫోటోలో పాప మొహం కనపడటం లేదు. రెండు చేతులు అడ్డం పెట్టుకుని ఉంది. వేళ్ళ సందులోంచి ఒక కన్ను మాత్రం కెమెరాను కోపంగా చూస్తోంది. నా భుజం మీదుగా చూసిన అమ్మీ, “యా అల్లా, ఎవరి బిడ్డో! పేరు కూడా చెప్పకుండా ఇంత మొండిదాన్ని ఎవరు పెంచినారో!” అంది. పెంచింది ఎవరో నాకు తెలీదు గానీ, ఆ మొండితనం ఎవరు నేర్పించారో మాత్రం తెలిసిపోయింది. “అబ్బా, బండి తీయి!” అని అరిచాను. చెప్పుల్లో ఒకటి నాది, ఒకటి అమ్మీది వేసుకున్నానని బస్టాండు చేరాక చూసుకున్నాను.

అబ్బా ఎంత తిప్పినా బండిది ఒకటే వేగం. నేను వెనక కూర్చుని, ఆ ఫోటో ఇప్పటికి ఎన్ని ఫోన్లలో తిరుగుతూ ఉంటుందో, ‘మా పాపే’ అని ఎవడైనా వచ్చి చెయ్యి పట్టుకుంటే ఏం గతి అని అనుకుంటూ, తెలిసిన దువాలన్నీ చదివాను. తెలియనివి కూడా కొన్ని చదివి ఉంటాను.

బస్టాండులో పోలీసు గది ముందు జనం. లోపల బల్ల మీద పిచ్చుక కాళ్ళు ఊపుతూ కూర్చుని ఉంది. చేతిలో ఉగ్గాని పొట్లం, ఇంకో చేతిలో మిరపకాయ బజ్జీ. ఎదురుగా కుర్చీలో ఒక పోలీసక్క. తల పట్టుకుని ఉంది. నన్ను చూడగానే పిచ్చుక మొహం వెలిగింది, “మేడం!” అంది. పోలీసక్క ఎగిరి లేచింది. “మీరేనా ఆ మేడం? రండమ్మా, రండి. పొద్దుననంగా అడుగుతాండాం. పేరేందంటే సెప్పదు, ఊరేందంటే సెప్పదు. ‘మా మేడం వస్తేనే సెప్తా’ అంటాది. సరే, మేడం పేరేందంటే, ‘అది మేడం సొంత ఇసయం’ అంటాది. అలిగిందేమోనని ఉగ్గాని తెప్పిస్తి. ‘తింటా గానీ పేరు మాత్రం సెప్పను’ అనె. తినె. సెప్పల్యా.”

నేను పిచ్చుక పక్కన కూర్చుని, వీలైనంత మెత్తగా, “ఎవరితో వచ్చినావు తల్లీ? మీ నాయన నంబరు చెప్పు, ఫోను చేద్దాం” అన్నాను.

పిచ్చుక బజ్జీ నమలడం ఆపింది. నన్ను కిందికీ పైకీ చూసింది. రెండు రకాల చెప్పులు కూడా చూసింది. “గుట్టుమాట సెప్పండి మేడం” అంది.

“నేను మీ మేడాన్నే కదా!”

“తెలిసినోల్లయినా గుట్టుమాట సెప్పకపోతే కదలొద్దని మీరే సెప్తిరి.”

పోలీసక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. తలుపు దగ్గర జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. అబ్బా బయట బండికి ఆనుకుని ఆకాశం చూస్తున్నాడు. (నవ్వు ఆపుకోవడానికి ఆయన అలాగే చేస్తాడు.) నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక ఒక విద్యార్థికి సమాధానం చెప్పలేకపోవడం అదే మొదలు. పైనుంచే సమస్య అనడానికి కూడా లేదు. పైన ఉన్నది నేనే.

చివరికి కింద కూర్చున్నాను, ఆ పిల్ల మోకాళ్ళ దగ్గర. “చూడమ్మా, నేను మీకు సగమే చెప్పినాను. ఫోనులో, గేములో మొహం కనపడని మనిషి అడిగితే చెప్పద్దు. అది సరే. దావలో ముక్కూమొహం తెలియనోడు అడిగినా చెప్పద్దు. అదీ సరే. కానీ నువ్వు తప్పిపోయినప్పుడు, నువ్వే నడుచుకుంటా వచ్చి పోలీసు గదిలో కూర్చున్నప్పుడు, ఇట్లా యూనిఫారం వేసుకున్న అక్కకు చెప్పాల. చెప్పకూడని మాటలు ఎట్లుంటాయో, చెప్పాల్సిన మనుషులు కూడా అట్లే ఉంటారు. అది నేను మరిచిపోయినా” అన్నాను.

“ఆ పొద్దు సెప్పల్యా కదా మేడం.”

“చెప్పలేదు. ఎవరడిగినా అన్నాను. అది తప్పు.”

పిచ్చుక పోలీసక్క వైపు తిరిగి, ఆమె చొక్కా మీద పేరుపట్టీని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. చదివాక, చేతికంటిన నూనె గౌనుకు తుడుచుకుని, గలగలా చెప్పేసింది. పేరు, ఇంటిపేరు, ఊరు, వీధి, నాయన నంబరు. అవ్వతో బట్టలకు వచ్చింది. బట్టలంగడి పక్క సందులో అవ్వ గాజులు బేరమాడుతుంటే, ఈమె గోలీసోడా కొట్టే చప్పుడు విని రెండడుగులు వేసి చూడబోయింది. తిరిగి చూస్తే అవ్వ లేదు. తప్పిపోతే బస్టాండుకు పో అని అమ్మ ఎప్పుడో చెప్పిందట, దారి అడుగుతూ వచ్చేసింది. పోలీసక్క వెంటనే ఒక హోంగార్డును గాజుల సందుకు పరిగెత్తించి, నాయన నంబరు కొట్టి, స్పీకరు పెట్టింది. అవతల మగ్గం చప్పుడు వినపడింది.

“హలో, ఆదోని బస్టాండు పోలీసు గది నుంచి మాట్లాడతాండాం. మీ పాప…”

“ఓహో, పోలీసులా! నిన్న బ్యాంకోడు సేసె, ఈ పొద్దు పోలీసులా? మా పాప నాకు ముందే సెప్పిందిలే. పోలీసులమని బెదిరిస్తారు, ఏమీ సెప్పొద్దు నాయనా అని. మా పాప మా యమ్మతో బట్టలకు పోయింది. పెట్టు ఫోను!” అని పెట్టేశాడు.

పోలీసక్క ఫోను బల్ల మీద పెట్టింది. “ఇంత కట్టుదిట్టమైన ఇల్లు నేను సూడల్యా” అంది. ఈసారి నేను చేశాను. “అన్నా, నేను పాపకు కంప్యూటర్ చెప్పే మేడాన్ని” అన్నాను. “ఫోనులో నువ్వు మేడమని నాకెట్లా తెలుసమ్మా?” అన్నాడు ఆయన. నేను తరగతిలో గొప్పగా అడిగిన ప్రశ్నే అది. మగ్గాల వీధి దాకా పోయి, తిరుగు బస్సులో వచ్చినట్టు వచ్చి నాకే తగిలింది. ఆయన పెట్టేసేలోపు పిచ్చుక ఫోను లాక్కుంది.

“నాయనా, నేను!”

మగ్గం ఆగింది. తరవాత ఆ మనిషి గొంతు, ఇంతకుముందున్న గొంతు కాదు అది, “గుట్టుమాట సెప్పు” అంది.

“బుడంకాయ పచ్చడి.”

“ఏమ్మా… యాడుండావమ్మా? అవ్వ యాడ?” అన్నాడాయన. ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు వచ్చింది. పోలీసక్క పక్కకు తిరిగి, అక్కరలేకపోయినా కిటికీ తలుపు సరిచేసింది. “ఏడవద్దు నాయనా, ఉగ్గాని తింటాండా” అని పిచ్చుకే ఆయనకు ధైర్యం చెప్పింది. ఫోను పెట్టాక మాత్రం చుట్టూ చూసి దిగులుగా, “అందరూ ఇనేసినారు మేడం. ఇంగ కొత్తది పెట్టుకోవాల” అంది.

అవ్వ వచ్చింది. దూరం నుంచే ఆమె గొంతు వచ్చింది, తరవాత ఆమె, ఆమె వెనక ఆయాసపడుతూ హోంగార్డు. వస్తూనే మనవరాలి వీపు మీద ఒకటి వేసింది, వేసిన చేత్తోనే గుండెకు అదుముకుంది. ఆ ముసలామె పొద్దున్నుంచీ చెప్పులు కూడా లేకుండా ఆదోని సందులన్నీ వెతికిందట. వినపడని చెవులు కదా, బస్టాండు మైకులో ఎంత అరిచినా ఆమెకు చేరలేదు. ఏడ్చి, తుడుచుకుని, జరిగిందంతా హోంగార్డు చెవిలో అరిచి చెప్పగా విని, “ఇట్లాంటి సదువు నేర్పించిన ఆ మేడమ్మ యాడుందో సూపియ్యండి!” అంది. నేను మెల్లగా పోలీసక్క వెనక్కి జరిగాను. ఆమె ఒడ్డూపొడుగూ ఉన్న మనిషి కావడం ఆ రోజు నా అదృష్టం.

“అవ్వా, ఉండు” అంది పోలీసక్క, ఆమె చెవి దగ్గరికి వంగి గట్టిగా. నవ్వడం లేదు. “ఆ మేడాన్ని తర్వాత తిడుదువు. ముందు నా మాట ఇను. ఆ ఫోటో ఎవురో తీసి ఫోన్లలో పంపినంక ఒకాయన వచ్చినాడు. తెల్లచొక్కా, పెద్దమనిషి లెక్కనే ఉండాడు. మా చుట్టాల పాప, నేను ఇంటికాడ ఇడిసిపెడతా అన్నాడు. నేను బస్సుకాడ గలాటా అయితే రవంత బయటికి పోయింటి. వచ్చేసరికి ఈ పాప వాన్ని నిలబెట్టి అడుగుతాండాది. మా నాయన గుట్టుమాట సెప్పు, సెప్పందే కదలను అని, ఈ బల్లను రెండు చేతులా కర్సుకుని కూసుంది. నీ పేరేందయ్యా అని నేను అడిగేలోపల నీళ్ళు తాగొస్తా అని పోయినాడు. మళ్ళా రాల్యా.”

ఆయన నిజంగా చుట్టమని పొరబడ్డాడో, సాయం చేయబోయి పోలీసును చూసి జంకాడో, మరేదైనానో మాకు ఇప్పటికీ తెలీదు. పోలీసులు బస్టాండంతా వెతికారు, దొరకలేదు. తెలియకపోవడమే మంచిదని అప్పుడప్పుడు అనుకుంటాను. కానీ ఆ మాట విన్న క్షణంలో అంతవరకూ దాక్కున్నదాన్ని అవ్వ ఎదురుగానే నేల మీద కూలబడ్డాను. అవ్వ నన్నూ, నా చెప్పుల్నీ చూసింది. నేనెవరో ఆమెకు అర్థమైంది. తిట్టలేదు. వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, “పిల్లదానివే కదే నువ్వూ! ఏమన్నా తిన్నావా?” అంది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. పిచ్చుక తన దగ్గర మిగిలిన బజ్జీ సగం నా చేతిలో పెట్టింది. అంత రుచైన బజ్జీ నేను మళ్ళీ తినలేదు. చిన్నగా ఏడుస్తూ, ముక్కు కారుతూ, ఆ కారానికి ఇంకా ఏడుస్తూ తిన్నాను. నాయన ఎవరిదో బండి అడుక్కుని వచ్చేసరికి మేం నలుగురం, పోలీసక్కతో సహా, టీ తాగుతున్నాం. ఆయన కూతుర్ని ఎత్తుకుని చాలాసేపు దించలేదు. అంత పెద్దపిల్ల కాళ్ళు ఆయన మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. ఆ ఫోటో పంపిన గ్రూపులన్నిటికీ ‘పాప ఇంటికి చేరింది, దయచేసి ఫోటో తీసేయండి’ అని అబ్బా తన ఫోను నుంచి ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ పంపాడు.

సోమవారం పాఠం సరిచేశాను. ఒక్కదాన్నే కాదు, పోలీసక్కను కూడా పిలుచుకొచ్చాను. ఎవరికి చెప్పకూడదో నేను చెప్పాను, ఎవరికి చెప్పాలో ఆమె చెప్పింది. భయం వేస్తే, ఎవరైనా ‘ఇది మీ ఇంట్లో చెప్పద్దు’ అన్నారంటే, ముందు ఇంట్లోనే చెప్పండి అని ఆమె అన్నప్పుడు పిల్లలు నల్లబల్ల వైపు కాకుండా ఆమె మొహం వైపే చూశారు. పెద్దసారు తలుపు దగ్గర నిలబడి మొత్తం విన్నారు. నా ఉద్యోగం పోతుందని రాత్రంతా లెక్కలు వేసుకున్నదాన్ని, ఆయన పోతూ పోతూ, “ఇప్పుడు తలుపూ ఉండాది, గడియా ఉండాది” అంటే, నిలబడిన చోటే గట్టిగా ఊపిరి వదిలాను.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం పిచ్చుక కంప్యూటర్ గది గడప దగ్గరికి వచ్చి నిలబడింది. వాళ్ళమ్మ కూడా వెంట ఉంది, చేతిలో ఫోను. గేములో ఎవరో తనూ అయిదో తరగతి పాపనే అని చెప్పి, యూనిఫారంలో ఫోటో పంపు, మీ అమ్మకు చెప్పకు అని అడిగారట. “ఏమీ సెప్పల్యా మేడం, పంపల్యా. అమ్మకు సెప్తి. ఇప్పుడు మీకు సెప్తాండా” అంది పిచ్చుక. మేం ముగ్గురం కూర్చుని ఆ మాటలన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టి, ఆ ఖాతాను బ్లాక్ చేసి, పోలీసక్కకు పంపించాం. తరవాత పిచ్చుక ఆడుకోవడానికి పోయింది. వాళ్ళమ్మ మాత్రం పోలేదు. గుడ్డ కప్పిన కంప్యూటర్ మీద చెయ్యి ఆనించి, “నా బిడ్డ నాకు సెప్పింది మేడం” అని రెండుసార్లు అంది. ఆ మాటలో ఉన్న నెమ్మది నాకు ఎన్ని జీతాలకూ రాలేదు.

ఇప్పుడు నేను ఆదోనిలోనే ఇంకో బడిలో చేస్తున్నాను, రోజూ బస్సు బాధ లేదు. ఏటా ఈ పాఠం చెప్తాను, ఏటా అందులో ఏదో ఒకటి పాతబడిపోతుంది. మొన్న ఒక పిల్ల, “మేడం, మన గొంతు లెక్కనే మిషన్ను మాట్లాడిస్తారంట, మా అమ్మ గొంతుతోనే ఫోనొస్తే ఎట్లా కనుక్కునేది?” అని అడిగింది. “నాకు సరిగా తెలీదమ్మా, కనుక్కుని రేపు చెప్తాను” అన్నాను. తరగతి ఏమీ కూలిపోలేదు. “సరే మేడం” అని పిల్లలు సంచులు భుజాన వేసుకుని పోయారు. ఇంత చిన్న మాట నోట్లోంచి రావడానికి అంత భయపడిన ఆ ఎమ్మిగనూరు మేడాన్ని తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, జాలేస్తుంది. కానీ చెయ్యెత్తి నిలబడి, లోకంలోని పిల్లలందరినీ తనొక్కతే కాపాడేయగలనని ఆమె నమ్మిన నమ్మకం ఉంది చూడండి, అది గుర్తొచ్చినప్పుడు మాత్రం, ఎందుకో, ఆ పిల్ల మేడం మీద కొంచెం ముద్దొస్తుంది.